నాలుగు గదులు

కొండపి వేలం కేంద్రంలో
నో బిడ్ పడ్డ బేళ్లు లెక్కపెట్టాను.
సొంత చేలవి మూడొందల్లో నలభై ఐదు,
కౌలు చేలవి రెండొందల్లో యాభై.

"అంతా మన రాతలే అబ్బయ్యా"
ఆకు నలిపి వాసన చూస్తూ మాలకొండయ్య.

రాతకీ ఒక లెక్కుంది, మామా.
అందరి ఆకునీ ఒకే కన్ను చూసుంటే
మీ వైపు ముప్పై ఎనిమిది తిరిగి రావాలి.
పన్నెండు ఎక్కువ.
అటు అదే పన్నెండు తక్కువ.
వర్గం చేస్తే ఎక్కువా తక్కువా ఒకటే అయిపోతాయి,
వెనక్కి మోసుకెళ్లే ట్రాక్టర్ బాడుగ మాత్రం
ఒక్కరికే పడుతుంది.

నాలుగు గదుల పట్టీలో స్వేచ్ఛ ఒక్క గదికే,
మిగతా మూడూ దాని వెనక నడిచేవే
అంటే, ఆ రోజుకి మొదటిసారి నవ్వాడు:
"ఆ ఒక్కటీ మాది కాదులే."

కై వర్గం ఏడు పాయింట్ ఎనిమిది.
మూడు పాయింట్ ఎనిమిది నాలుగు దాటితే
కాకతాళీయం అనడానికి నోరు రాదు.

ఎందుకో మాత్రం పట్టీ చెప్పదు.
బ్యారన్‌లో కట్టెలు పచ్చివా,
అప్పు తొందరలో పండకముందే కోశారా,
కొనేవాడు ఆకు కన్నా ముందు పేరు చదివాడా

మాలకొండయ్య బేలు మళ్లీ విప్పాడు.
పై ఆకు కిందికి, కింది ఆకు పైకి.

ఐదో గది గీయడం నాకు నేర్పలేదు.