దీర్ఘం

అక్షరానికి పన్నెండు యూరోలు, అన్నాడు ఇవానో
ఉలి మొన మీద పొడి ఊదుతూ.
అతని వెనక కరారా కొండ తెల్లగా ఉంది.
మంచనుకున్నాను. రాతి గాయమట.

జెలిండా సంచీలో ఉన్నది ఒక్క మాటకే సరిపోతుంది.
క్వారీలో నడుం విరిగి
పదకొండేళ్లు మంచం దిగని మనిషికి
ఒక్క మాట చాలదా?

రిటైరైన లాటిన్ పంతులుకి కబురెళ్లింది.
కాఫీ చల్లారేదాకా విభక్తులు చెప్పాడాయన.
సహనం స్త్రీలింగమట.
"ఇంకేమవుతుంది," అంది జెలిండా.
బహువచనం పట్టికలో ఉందట గానీ
దాంతో పనిపడ్డవాళ్లు తక్కువ.
సహనం యొక్క, సహనం కొరకు
రెంటికీ ఒకటే రూపం, ఒక అక్షరం ఎక్కువ.
"పన్నెండు యూరోలు," అన్నాడు ఇవానో.

దాని కడుపులో ఒక క్రియ ఉంది, అన్నాడు పంతులు.
పైకి కర్మణి, ఎవరో చేస్తే పడి ఉన్నట్టు.
అర్థం మాత్రం కర్తరి.
ఇటాలియన్ సగమే తెలిసిన నాకు
అది మాత్రం పూర్తిగా తెలిసింది:
నా భాషలో కష్టపడు అంటాం,
పడటం ఉంటుంది అందులో,
పడిపోయినవాడు ఉండడు.

సరే, తొమ్మిది అక్షరాలు.
ప్రథమ అయితే సహనం, పేరులా ఊరికే నిలబడుతుంది.
తృతీయ అయితే సహనంతో.
అప్పుడు ఇంకేదో కావాలి తర్వాత,
బతికాడనో, మోశాననో.
"తేడా ఎక్కడ?"
"చివరి అకారం పొడుగులో."
"అయితే పొడుగ్గా చెక్కు."
"రాతిలో పొడుగు కనబడదమ్మా."
నా లిపిలో ఒక్క దీర్ఘం పెడితే తీరిపోయేది.
నన్నెవరూ అడగలేదు.

"ఒకసారి సూప్ గిన్నె గోడకేసి కొట్టాను," అంది జెలిండా.
"అతను కళ్లు మూసుకున్నాడు.
ఆ రోజుది ఏ విభక్తి?"
పంతులు కప్పులో అడుగు చూసుకున్నాడు.

గురువారం చెక్కుతుంటే ఉలి జారి
చివరి అక్షరం కుడికాలు చిట్లింది.
"పత్సియెంత్సా," అన్నాడు ఇవానో,
బస్సు తప్పినా, రొట్టె మాడినా
అక్కడివాళ్లు భుజాలెగరేసి అనే మాట.
అదే మాట, రెండువేల ఏళ్లు అరిగి.
జెలిండాకి నవ్వొచ్చింది. చాలాసేపు వచ్చింది.

సమాధి దగ్గర వేలితో తడుముతూ చదివింది,
చిట్లిన చోట
అకారాన్ని ఊపిరి అయిపోయేదాకా లాగింది.
మర్నాడు పొట్టిగా చదివింది.
వాన మొదలైందట, గొడుగు తేలేదట.