దాపటి కాలు

తెల్లారి ఐదున్నరకు ప్రాణహిత మీద
మంచు ఇంకా పండుకొనే ఉంటది.
సిరొంచ దిక్కు గట్టు దిగితే మా మైదానం.
మైదానమంటే ఇసుకే.
గడ్డపారతోని గుంత తవ్వి
నూనె డబ్బా రేకు కోసి దాంట్ల దిగ్గొట్టిండు కుసరం సార్.
గుంతకు అవతల తవ్వి గుల్ల చేసిన ఇసుక.
పరుపు లేదు. జిల్లాల ఒకటున్నదట, నేను చూడలే.
అడ్డకర్ర గూడ లేదు.
రెండు నెలల సంది పెట్టనే లేదు సార్.
"దాటుడు తర్వాత. ముందు లేవు."

ఆరు అంగలు.
సార్ మరాఠీల వెనకనుంచి లెక్కపెడ్తడు:
తీన్, దోన్, ఏక్.
డావా అంటడు, ఉజవా అంటడు.
ఎనిమిదో తరగతి దాక నాకు ఆ రెండూ కలగలిసేవి.
బాపు నాగలి కాడ ఎడ్లతోని మాట్లాడే మాటనే పట్టుకున్న:
దాపట, వలపట.
మా దాపటెద్దు మొండిది,
చాలు మలిగేకాడ ఒక అడుగు ముందుకే పోతది.
నా కాలు గూడ గంతే.

గుంతకు ఇవతల సున్నం గీత.
మీది చెయ్యి నిటారుగ లేపితే
ఆ చెయ్యికి సరిగ్గ కింద పడాలె కాలు,
చూరు నుంచి వానచుక్క పడ్డట్టు.
నాది జానెడు లోపలికి పడ్తది.
జానెడే.
ఆ జానెడుకే భుజం గుంజుకపోతది,
వెదురు నన్ను వెనక్కి నూకుతది,
పక్కటెముకల కింద కుట్లు పిగిలినట్టయితది.

గీత పక్కన గొంతుకూసుంటది ఆలం జ్యోత్స్న.
నా అడుగు చూసి వేళ్లు చూపిస్తది:
నాలుగు వేళ్లు. ఆరు వేళ్లు. మళ్లా జానెడు.
ఆమె మొకం చూస్తే చాలు, వేళ్లు అక్కర్లేదు.

చేపల గంప నెత్తిన పెట్టుకొని
పడవ కాడికి పోయే అవ్వ ఒకామె ఆగింది.
"ఏం దాటుతున్నవే పిల్లా?"
"ఏం దాటుతలే అవ్వా. లేస్తున్న."
"లేచుడు గూడ నేర్చుకోవాల్నా!"
నవ్వుకుంట పోయింది.
ఆమె నెత్తి మీది గంప మాత్రం కదల్లే.

ఈ వెదురు బాపు ఎంచి కొట్టుకొచ్చింది.
కణుపులు నున్నగ చెక్కి
పట్టుకునే కాడ సైకిల్ ట్యూబు చుట్టిండు.
"లేతది చెప్పినట్టు వింటది బిడ్డా,
ముదురుది లెక్క అడుగుతది" అన్నడు.
ఇది ముదురుదే.
నిన్న ఉరుకుతుంటే ఎక్కడ జంకిన్నో
ఈరోజు దాకా యాదిపెట్టుకుంటది.

సార్ అంటడు, భయం కండ్లల్ల ఉండదు,
ఆఖరి రెండు అంగలల్ల ఉంటది.
వలపటిది కొంచెం సాగాలె,
అప్పటికే చేతులు చెవులు దాటాలె,
దాపటిది పొయ్యి మీది పెనం తొక్కినట్టు పడి లేవాలె.
చెప్పుడు సులువే.
ముప్పై ఏడు సార్లయింది.
అరిచేతుల రబ్బరు వాసన,
పండ్ల నడుమ ఇసుక.

ముప్పై ఎనిమిదోసారి
సార్ ఫోను పట్టుకొని గట్టెక్కిండు,
మాకు అవతలి రాష్ట్రం టవరే దొరుకుతది.
జ్యోత్స్న సంచి తినబోతున్న మేకను అదిలించ ఉరికింది.
లెక్కపెట్టేటోళ్లు లేరు.
నేను గూడ లెక్కపెట్టలే.

వెదురు రేకుకు తగిలిన చప్పుడు
ఎప్పుడూ ముందొచ్చేది.
ఇప్పుడు ముందొచ్చింది
నా కాలు ఇసుకను విడిచిన చప్పుడు.
చిన్నదే. పండుటాకు తుంచినట్టు.
తర్వాత టంగుమన్నది రేకు.
తర్వాత ఎవరూ గుంజలే నన్ను, ఎవరూ నూకలే.
మంచు కింద ఏరు మొత్తం ఒకసారి కనిపించింది,
పడవల అవ్వ గంప గూడ.

మోకాళ్ల మీద పడ్డ.
లేచి ఉరికొచ్చి చూస్తే
సున్నం గీత మీదనే ఉన్నది అడుగు.
ఐదు వేళ్లు లోతుగ, మడిమ లేనే లేదు.
దాని మీదికి వంగి నిలబడ్డ,
మేక తొక్కకుండ.

సార్ దిగొచ్చి అడిగిండు, "ఎంత?"
"సున్న" అన్న.
ఎగరలేదనుకున్నడేమో,
"మళ్లా చెయ్" అన్నడు.

మళ్లా చేసిన.
జానెడు లోపలికి.