ఎక్కిళ్ళు

హల్బేరా పొద్దున్నే ఫోన్ చేసింది.
పొద్దున్నే అంటే గడియారంలో.
ఫ్లాటేరిలో జనవరికి పొద్దు ఉండదు.
సూర్యుడు కొండ భుజం మీంచి తొంగిచూడ్డానికి
ఇంకా ఇరవై రోజులు.

"కంప్యూటర్‌కి ఎక్కిళ్ళు పట్టాయి.
ఎవరు తలుచుకుంటున్నారో, ఏమో.
నీళ్ళు తాగించలేను కదా, నువ్వు రా."

నేను పడవల ఇంజన్లు బాగుచేసేవాణ్ణి.
డీజిల్‌కి అలవాటైన ముక్కు నాది.
అయినా ఈ ఊళ్ళో
స్క్రూడ్రైవర్ ఉన్నవాడే వైద్యుడు.

ఆవిడ స్వెటర్లకి అల్లిక నమూనాలు గీస్తుంది,
తెర నిండా గళ్ళు, గడికో రంగు.
నీలం గడిని పట్టుకుని లాగితే
అది రాదు,
రాదు,
రాదు,
వచ్చినప్పుడు మూడు గళ్ళు దాటి దూకుతుంది.
"నిన్న ఒక జింకకి ఐదు కాళ్ళొచ్చాయి," అంది.
నవ్వాలో లేదో తెలియక కాఫీ తాగాను.

మొదట తెరిచినవన్నీ మూసేశాను.
తర్వాత వైరస్ కోసం వెతికించాను,
అది రాత్రంతా వెతికి
నిర్దోషి అని తీర్పు చెప్పింది.
డ్రైవర్లు కొత్తవి వేశాను.
మెమరీ పలకలు ఊడదీసి
రబ్బరుతో రుద్ది, మళ్ళీ బిగించాను.
మౌస్ మార్చాను.
కొండని తవ్వి ఎలుకని పట్టడం విన్నాను గానీ
ఎలుకని చేత్తో పట్టుకుని
కొండంతా తవ్వడం ఇదే మొదలు.

మూడో రోజు, విసుగొచ్చి,
పడవలో చేసే పనే చేశాను.
స్క్రూడ్రైవర్ మొన డబ్బాకి ఆనించి
పిడి చెవికి పెట్టుకున్నాను.
బేరింగ్ అరిగిందో లేదో ఇలాగే చెప్తాం మేం.

లోపల ఎవరో మెట్లెక్కుతున్నారు.
ఎక్కి, ఆగి,
గుండె పట్టుకుని, మళ్ళీ ఎక్కి.

"ఇది ఎక్కిళ్ళు కాదు, హల్బేరా.
ఆయాసం."

తొంభై ఏడు డిగ్రీలు.
ఆ వేడికి నా పడవైతే
నడిసముద్రంలో అలిగి కూచునేది.
ఇది పాపం, రెండు అడుగులేసి ఒకటి మానేసి
ఆవిడ జింకల్ని మోస్తూనే ఉంది.

మూత తీశాం.
లోపల అది స్వెటర్ తొడుక్కుని కూచుంది!

ఫ్యాన్ రెక్కల మీద, గాలి పోయే చువ్వల మధ్య
వేలి మందాన పేరుకున్న ఉన్ని.
ఆవిడ కళ్ళజోడు నుదుటి మీంచి దించి
పొర పొరగా చదవడం మొదలెట్టింది:
"ఈ ఇటుక రంగు అగ్నిమాపక దళానికి,
పదకొండు స్వెటర్లు, డబ్బు ఇంకా ఇవ్వలేదు.
ఈ పసుపు నా తప్పు, ఎవరూ కొనలేదు.
ఈ బూడిద రంగు..."

ఆగింది.

అది ఉన్ని కాదు.
పొట్టిగా, బిరుసుగా, చివర తెల్లగా.
స్నోత్రా
డబ్బా వెనక వెచ్చటి గాలికి వీపానించి పడుకునేది.
మట్టి గడ్డకట్టిందని, తవ్వడానికి
నన్నే పిలిచారు. మూడేళ్ళయింది.

నా చేతిలో గాలి పైపు ఉంది.
ఒక్కసారి నొక్కితే అంతా శుభ్రం.
నొక్కలేదు.
కనుబొమ్మలు పీకే పట్టకారు ఎక్కడుందో అడిగి
వంటింట్లోంచి తెచ్చిచ్చాను.
ఆవిడ గంటన్నర ఏరింది.
దగ్గు మాత్రల రేకుడబ్బాలో పెట్టి
మూత నొక్కింది, టక్కుమని.
మిగతా ఉన్ని మాత్రం నా మొహాన కొట్టి
"చెత్తబుట్ట అక్కడుంది," అంది.

యాభై ఆరు డిగ్రీలిప్పుడు.
నీలం గడి పిలవగానే వస్తోంది.
జింకలన్నీ నాలుగు కాళ్ళ మీద నిలబడ్డాయి.
గది మరీ నిశ్శబ్దమైపోయిందని
ఆవిడ రేడియో పెట్టింది,
చేపల ధరలు.

కోటు తొడుక్కుంటున్నాను.
తెర ఒక్క క్షణం బిగుసుకుంది,
ఒకే ఒక్క క్షణం,
మళ్ళీ కదిలింది.

ఇద్దరం చూశాం.
"చలిగా ఉంది, చెవులు కప్పుకో," అంది.
పెట్టె మళ్ళీ విప్పమని ఆవిడ అడగలేదు.
విప్పుతానని నేనూ అనలేదు.