పట్టికలో లేని చోటు

గ్రీనక్‌లో వాన లేని శనివారం దొరికితే
బట్టలారేసుకోవాలి.
మేం మాత్రం వంటింటి బల్ల మీద
మూడు కరపత్రాలు పరిచి పంచాయితీ పెట్టుకున్నాం.

నీలం రంగుది: మూడు రోజులు, నాలుగు కోటలు, గైడు వెంటే.
ఆకుపచ్చది: సరస్సులు, పడవ షికారు, మధ్యాహ్నం తిండి ఎవరిది వాళ్లదే.
మూడోది ధర చూసి బోర్లా పెట్టాను.
టీ కప్పు కిందికి పనికొచ్చింది.

కారుందిగా, మనమే పోదాం అన్నాను.
డూగల్ నావంక చూశాడు.
ఇరవై రెండేళ్లుగా సిటీ బస్సు తోలుతున్న మనిషి,
జనం మొహాలు అద్దంలో తప్ప ఎరగనివాడు.
"ఒక్కసారి ఇంకెవడైనా నన్ను తీసుకెళ్లాలి," అన్నాడు.
"కిటికీ పక్కన కూచుని
పక్కకి చూడాలి నేను."
కారు మాట అక్కడితో సరి.

స్ట్రూవన్‌కి పదిహేను. కోటలంటే వాడికి
కూలిన గోడలకి టికెట్టు.
"ఒకటి చూస్తే అన్నీ చూసినట్టే.
మెట్లు, చలి, ఎవడో ఎవణ్ణో పొడిచిన గది."
ఎఫీకి ఏడు. దానికి సరస్సే కావాలి,
సరస్సు అడుగున ఉందంటున్న ఆ జంతువు కావాలి.
దానికి పెట్టడానికని
మంగళవారం నుంచీ రొట్టె అంచులు దాస్తోంది,
మేజోడులో.
నాకేం కావాలో ఎవరూ అడగలేదు.
నేను కడగక్కర్లేని గిన్నెలో
మూడు పొద్దులు ఓట్స్ జావ.

ఇష్బెల్ అత్తయ్య కళ్లద్దాలు తుడుస్తూనే ఉంది.
తుడిచి, పెట్టుకుని, మళ్లీ తీసి తుడిచి,
నీలం కాగితం మీది దారి వెంట వేలు నడిపింది.
మొదటి కోట దగ్గర ఆగలేదు.
రెండో కోట దగ్గరా ఆగలేదు.
ఆగిన చోట పటంలో ఏమీ లేదు,
ఉత్త పచ్చరంగు.

"మా అమ్మమ్మకి అమ్మమ్మ పుట్టిన లోయ," అంది.
"గొర్రెలకి చోటు కావాలని మనుషుల్ని లేపేశారు.
కప్పు అంటుకుంటే ఆవిడ
వెన్న చిలికే కుండొకటి చంకన పెట్టుకుని దిగిందట.
కోటలు ఎక్కడికి పోతాయర్రా, కాపలా ఉంది వాటికి.
మన పొయ్యిరాయి మిగిలుంటే అదే గొప్ప."

ఈవిడ ఇంతకాలం ఈ మాట ఎక్కడ దాచింది?
స్ట్రూవన్ ఫోను బోర్లా పెట్టాడు,
అదొక వింత మా ఇంట్లో.

టూరు వాళ్లకి నేనే ఫోన్ చేశాను.
గైడే ఎత్తాడు, టోర్మడ్ అట పేరు,
తడి కంకర మీద నడిచినట్టుంది గొంతు.
"ఆ దారినే పోతామమ్మా, కానీ ఆగం.
పట్టికలో లేదు. ఆగితే కోట తలుపులు మూసేస్తారు."
సరే, ఉంటానండీ అనబోతుంటే
గొంతు తగ్గించాడు.
"అయితే, దారిలో పిల్లలకి కడుపులో తిప్పిందనుకోండి,
బండి ఆపాల్సిందే, రూలు.
పది నిమిషాలు.
వంతెన దాటాక తిప్పితే మేలు,
అక్కడైతే పక్కకి తీయడానికి జాగా ఉంది."
కాసేపాగి అడిగాడు:
"ఇంతకీ ఆ లోయలో మీరు ఎవరి తాలూకు?"

ఫోను అత్తయ్యకిచ్చాను.
మాకెవరికీ రాని భాషలో రెండు ముక్కలంది.
అవతలివైపు నవ్వు, తర్వాత చాలాసేపు ఏదో చెప్పడం.
ఆవిడ ఊఁ కొడుతూనే ఉంది.
పెట్టేశాక "ఏమన్నాడత్తయ్యా?" అంటే
"ఏమో. నాకా రెండు ముక్కలే వచ్చు," అంది.

నీలం కరపత్రానికి డబ్బు కట్టేశాం, ఐదు సీట్లు.
దారి మధ్యలో ఎలాగూ సరస్సొకటి తగుల్తుంది,
మేజోడు ఖాళీ అవుతుంది.

ఈ రాత్రి ఎఫీ హాల్లో అద్దం ముందు నిలబడి
కడుపు పట్టుకుని, కళ్లు తేలేసి
వాంతి సాధన చేస్తోంది.
వాళ్ల నాన్న కుర్చీలోంచి లేవకుండా వింటున్నాడు,
కళ్లు మూసుకుని, వృత్తి తెలిసినవాడిలా.
"బాగుంది గానీ, తల్లీ,
వంతెన కనపడగానే మొదలెట్టు.
అంత పెద్ద బండికి
బ్రేకు పడటానికి టైము పడుతుంది."