బ్యాటరీ లేని రేడియో

గుణుపురం. వంశధార ఎండి
ఇసక తెల్లగా మెరిసే నెల.
వెదురు బొంగుకి రాగితీగ చుడుతూ
నూట పదకొండు దగ్గర లెక్క తప్పాను.
మళ్ళీ మొదలెట్టలేదు, చుట్టేశాను.

నీలంగా తుప్పుపట్టిన బ్లేడు,
దాని మీద పెన్సిల్ ముల్లు,
అమ్మ పిన్నీసుకి గుచ్చింది.
ఎర్తు తీగ బోరింగు కాలికి.
చెవిగొట్టం మాత్రం లైన్‌మన్ దండాసి
పాత ఎక్స్‌ఛేంజి నుంచి తెచ్చాడు,
"ఎవులైనా అడిగితే నా పేరు సెప్పకు" అంటూ.

మొదట గుంయ్‌మని మూలుగు.
పిన్ని ఉప్పుతో దిష్టి తీసింది.
పదింటికి రైస్‌మిల్లు కట్టేస్తే
మూలుగూ ఆగిపోయింది.
అందరూ నవ్వారు.
నాకే ఎందుకో బెంగపట్టుకుంది.

ఇంకోరోజు ఒడియాలో ధాన్యం ధర చెబుతున్న గొంతులోకి
తెలుగు గొంతొకటి తల దూర్చింది.
ఎవరికెంత పలికిందో తేలలేదు.

వైశాఖంలో ఒక రాత్రి
కొండల వెనక మెరుపులు.
ఊరంతా కరెంటు పోయింది.
చీకట్లో ముల్లు కదిపితే
సన్నని ఈల, పైనుంచి కిందికి,
అడుగు లేని బావిలోకి జారే చేదతాడులా.
మిల్లు కాదు. మనిషీ కాదు.

దండాసి చాలాసేపు విన్నాడు.
చెవిగొట్టం చొక్కాకి తుడిచి
నా చేతిలో పెట్టి
చెప్పులు వెతుక్కున్నాడు.