తరుగు

పదకొండో దినం మీ ఇంట్లో
ఆకు ముందర కూచున్నాక అడిగిందొక పెద్దామె:
"నువ్వాయనకి ఏమవుతావమ్మా?"
వడ్డించేవాడు గరిటె పైకెత్తి ఆగినాడు.

ఏమని చెప్పేది ఏకాంబరం?
చెల్లెల్ని కాను, కూతురి వరస కాను,
మీ వీధి కాదు, మీ కులం అసలే కాదు.
స్నేహితురాలిని అంటే ఆ షామియానా కింద
నలుగురూ నాలుగు రకాలుగా వింటారు.
"పదకొండు రూపాయలు బాకీ" అన్నాను.

అబద్ధం కాదు.
మండీ వెనక టీ అంగట్లో
ఒకరోజు నీ వంతు, ఒకరోజు నా వంతు.
ఆఖరి రోజు నీది. టీ పది,
నా గొంతు బాగలేదని కొనిచ్చిన బిళ్ళ ఒకటి.
మరుసటి రోజు నా వంతు.
నువ్వు రాలేదు.

బిల్లులు రాసేదానికి నేను చేరినప్పుడు
నాకు ఇరవై రెండు, నీకు యాభై ఎనిమిది.
సంచి భుజానేసుకోని కాటాలు బాగుచేసేదానికి వస్తివి.
సార్ అంటే పలకలేదు.
తాతా అంటే స్క్రూడ్రైవరు చూపించినావు.
"ఏకాంబరం అను. ఆ పేరు వాడేవాళ్ళంతా పోయినారు,
ఊరికే పాడైపోతా ఉండాది" అన్నావు.
నన్ను మాత్రం బిల్లమ్మా అన్నావు, చచ్చేదాకా.

లెక్క అరవంలో, తిట్లు తెలుగులో.
కాటాతో మాట్లాడేటప్పుడు ఏ భాషా కాదు,
నాలిక్కింద చిన్న చప్పుడు,
దూడని దగ్గరికి పిలిచినట్టు.
వణకని ముల్లు తుప్పు పట్టిన ముల్లని
నువ్వు చెప్తే, నేను బిల్లు వెనక రాసుకున్నాను.
ఆ బిల్లు ఏ రైతు తీసుకుపోయినాడో.

ఒక ధనుర్మాసం, తెల్లారి మంచులో
తవణంపల్లె ట్రాక్టరు దిగింది.
నూరు కిలోలకి రెండు కిలోలు తరుగు కొయ్యమన్నాడు యజమాని,
బెల్లంలో చెమ్మ ఆరిపోతుంది కదా అని.
కాటా కిందనుంచే అరిచినావు నువ్వు:
"ఆరకముందే ఎట్ల కోస్తావయ్యా?"
ఆ నెలంతా నీకు పని లేదు.
రెండు వంతుల టీ నేనే తాగించినాను.
నువ్వు అగ్గిపెట్టె మీద గీతలు గీసుకోని
ఉగాది లోపల అణాపైసలతో తీర్చినావు.

వేలూరు ఆసుపత్రిలో
నర్సు నిన్ను తూకం మిషను ఎక్కించింది.
నలభై తొమ్మిది.
"మిషను తప్పు చూపిస్తా ఉండాది" అన్నావు.
నమ్మినాను. ఎంత గట్టిగా నమ్మినాను.
ఆమె అటు తిరగంగానే
జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి, వంగలేక వంగి,
కింద మర ఏదో తిప్పి
మళ్ళీ ఎక్కినావు.

నలభై ఎనిమిదీ చిల్లర.

నవ్వినావు,
పని సరిగ్గా కుదిరినోడు నవ్వినట్టు.

తిరుగు బస్సులో నరహరిపేట దాటేదాకా
నేను నీతో మాట్లాడలేదు.
నువ్వు చెనక్కాయలు వొలిచి
పప్పులన్నీ నా చేతిలో పోసి
పొట్టు నీ జేబులో వేసుకున్నావు.

మీ కొడుకు మంచోడు. ఆకు దగ్గరికొచ్చి
"మా నాయన బాకీలన్నీ మాఫీ అక్కా, తినండి" అన్నాడు.
"వద్దు" అన్నాను.
గొంతు అంత పైకి ఎందుకు లేచిందో నాకు తెలీదు.
పక్క వరసలో తినేవాళ్ళు తలలెత్తినారు.
మాఫీ ఎవురడిగినారు?
చిట్టాలో నీ పేరున ఒక పేజీ ఉండాది.
దాన్ని కొట్టెయ్యను.

ఇప్పుడు మండీలో అన్నీ కరెంటు కాటాలు.
ఎర్ర అంకెలు. ముల్లు లేదు.
నిన్న మధ్యాన్నం, జనం లేని వేళ,
ఖాళీ పలక మీద ఇరవై గ్రాములు చూపించింది.
పోయింది. మళ్ళీ ఇరవై.
బాగుచేసే పిలగోడొచ్చి వంగి చూసి
"ఏం లేదక్కా, ఫ్యాను గాలి. ఆపితే సున్నాకొస్తుంది" అన్నాడు.
సరే అన్నాను.
వాడు పోయినాక లేచి
స్విచ్చి దాకా పోయి
వెనక్కొచ్చి కూచున్నాను.