అడగలేదు కాబట్టి

ఎల్ ఆల్తోలో గురువారం సంత.
ఊపిరి కూడా పలచగా దొరికే ఎత్తు.
గాలికి టార్పాలిన్ తపతపా కొట్టుకుంటుంటే
నాలుగు మూలలకీ నాలుగు పాత టైర్లు కట్టి
కొట్టు తెరిచాను.

దోన్యా సతుర్నీన. పేరు తర్వాత తెలిసింది.
వీపు మీది చారల దుప్పటి మూట దించి
ముడి విప్పి, లోపలి గుడ్డ ముడి విప్పి,
దాని లోపలి ప్లాస్టిక్ సంచి ముడి విప్పి
నాలుగు వందల ఎనభై బొలివియానోలు
ఒక్కో నోటూ వేలితో రుద్ది మరీ ఇచ్చింది.

"కొత్తదేనా?"
"పెట్టె సీలు కూడా తీయలేదు, చూడండి."
అది నిజమే.
తెర మీది పొర ఆమె చేతనే ఒలిపించాను.
ఉల్లిపొరలా వచ్చింది.
ఆమె నవ్వింది, పంటికి బంగారు అంచు.

లోపలి సంగతి ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.
అద్దం కొత్తది, బ్యాటరీ కొత్తది,
బుద్ధి మాత్రం ఏడేళ్ళ కిందటిది.
ఇకిక్వే రేవులో ఈ సరుకు దిగేనాటికే
కంపెనీ వాటికి చదువు చెప్పడం మానేసింది.
పైన పటారం, లోన లొటారం అందామంటే
పాపం, లొటారం కూడా కాదు.
ఒక తరగతిలో ఆగిపోయిన పిల్లాడు,
అంతే.

మరుసటి గురువారం వచ్చింది.
అరవలేదు.
అరిస్తే బాగుండేది,
అరిచేవాళ్ళకి నా దగ్గర పదిహేడు జవాబులున్నాయి.

చూన్యో కొనడానికి వచ్చేవాళ్ళు
ఇప్పుడు జేబులో చెయ్యి పెట్టడం లేదట.
"క్యూఆర్ ఉందా అమ్మా?" అంటారట.
లేదంటే పక్క గంపకి జరిగిపోతారట.
బ్యాంకు కుర్రాడు చెమట పట్టేదాకా కుస్తీపట్టి
"మా యాప్ దీంట్లో ఎక్కదు" అన్నాడట.

నేనూ నొక్కి చూశాను, తెలియనట్టు.
సెట్టింగులు. అప్‌డేట్.
చిన్న వలయం తిరిగింది, తిరిగింది,
"మీ ఫోను తాజాగా ఉంది" అంది.
నవ్వొచ్చింది. మింగేశాను.
ఇక తనకి ఎవరూ ఏమీ పంపరని
దానికీ ఎవరూ చెప్పలేదు.

ఆమె మూటలోంచి గుప్పెడు చూన్యో తీసి
ఫోను పక్కనే పోసింది.
నల్లగా, గులకరాళ్ళలా,
రాళ్ళ బరువు మాత్రం లేకుండా.
"ఇది ఏ ఏటిదో చెప్పు."

చెప్పలేకపోయాను.
ఫోన్లయితే వాసన చూసి చెప్తాను.

"ఏడేళ్ళది.
రాత్రి మంచులో గడ్డకట్టి, పగలు మా కాళ్ళ కింద నలిగి,
ఉన్న నీరంతా వదిలేసిన దుంప.
ఇవాళ నానబెట్టినా మెత్తబడుతుంది.
పాతదైతే తప్పేముంది నాయనా?
కాకపోతే
ఏడేళ్ళదని చెప్పే అమ్ముతాను."

సగం డబ్బు వెనక్కిచ్చాను.
మొత్తం ఇవ్వబోయాను అని రాద్దామనుకున్నాను,
ఇవ్వబోలేదు.
ఆమె లెక్కపెట్టుకుని ఫోను తిరిగి తీసుకుంది.
"టార్చి బాగుంది దీనికి.
మూడింటికి లేస్తాను నేను."
డబ్బు సంగతికి, జున్ను అమ్మే ఫెర్మీన్ క్యూఆర్ అట్ట
తన గంపకి ఆనించుకుంటుందట,
సాయంత్రం ఇద్దరూ కూర్చుని
ఎవరిదెంతో పంచుకుంటారట.
గుప్పెడు చూన్యో నా బల్ల మీదే వదిలేసి వెళ్ళింది.
మర్చిపోయి కాదనుకుంటాను.

ఆ రాత్రి గిన్నెలో నీళ్ళు పోసి వేశాను.
తెల్లారేసరికి
ఒక్కొక్కటీ ఉబ్బి
తన పాత ఆకారం గుర్తు తెచ్చుకుంది.

పై వారం ఒక అట్ట ముక్క మీద
పెద్ద అక్షరాలతో రాసి వేలాడదీశాను:
"పెట్టె కొత్తది. లోపల పాతది. బ్యాంకు పనులు నడవవు."
ఆ రోజు మూడే అమ్ముడయ్యాయి.
పక్క కొట్టు ఎలియోదోరో నన్ను చూసి
కణత దగ్గర వేలు తిప్పాడు.

మూడో వారం గాలికి అట్ట ఎగిరిపోయింది.
వెతకలేదంటే నమ్ముతారు మీరు.
వెతికాను.
కాస్త ఆలస్యంగా,
ఇద్దరు కొనుక్కుని వెళ్ళాక.